ఎంబీ చర్చిలో పాస్టర్ ఎవరు కావచ్చు? పాలమూరు నుంచి కాన్సాస్ దాకా

ఈ ఎపిసోడ్ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు అడిగి అడిగి చేయించుకున్నది. కారణం ఒక ఫార్వర్డ్. "మెనోనైట్ చర్చి స్వలింగ పాస్టర్లని ఒప్పుకుంది, మన ఎంబీ చర్చి కూడా అదే, జాగ్రత్త" అని ఒక ఫొటో మీద ఎర్ర అక్షరాలతో రాసి పంపుతున్నారు. గద్వాల తమ్ముడు ఒకరు ఆ ఫొటో నాకు పెట్టి ఒకటే ప్రశ్న అడిగాడు: "అన్నా, ఇది మాదేనా?"

సమాధానం ముందే చెప్పేస్తా. ఆ వార్త నిజం. "మన" అన్న మాట తప్పు. కానీ ఆ రెండు ముక్కలతో వదిలేస్తే అసలు కథ పోతుంది. పాస్టర్ ఎవరు కావచ్చు, ఎవరు కాకూడదు, అది ఎవరు తేల్చాలి అనే గొడవ పాలమూరుకి కొత్తగా రాలేదు. నూటపాతికేళ్లుగా ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది.

ముందు పేర్లు విడదీద్దాం. 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొద్దిమంది ఒక ఇంట్లో కూడి, పసిపిల్లలకి ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, పెద్దయ్యాక నమ్మి తీసుకునేదే అసలుదని ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. దానికోసం ఆ కాలంలో మనుషుల్ని నీళ్లలో ముంచి చంపారు కూడా. ఈ గుంపుకి తర్వాత దిక్కుగా నిలిచినవాడు మెనో సైమన్స్. డచ్ ప్రాంతంలో కాథలిక్ ప్రీస్ట్. 1536లో ఆ పని వదిలేశాడు. ఆయన పేరు మీదే మెనోనైట్లు. వీళ్లలో కొందరు తరాల తర్వాత దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో స్థిరపడ్డారు. అక్కడ 1860లో "మన సంఘం చల్లారిపోయింది" అని ఒక వర్గం విడిపోయింది. ఆ వర్గమే మెనోనైట్ బ్రదరెన్. మన ఎంబీ. నేను నాలుగేళ్లు కోడ్ రాసి వచ్చినోణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా: పాత ప్రాజెక్టుని ఫోర్క్ చేశారు. పేరులో సగం అదే, కానీ 1860 నుంచి రెండూ వేర్వేరు. ఒకదాంట్లో మార్చింది ఇంకోదాంట్లోకి దానంతటదే రాదు.

ఫార్వర్డ్‌లో ఉన్న వార్త ఆ రెండో వైపుది. దాని పేరు మెనోనైట్ చర్చి యూఎస్ఏ. 2001లో పెట్టుకున్న సభ్యత్వ నియమాల్లో వాళ్లు, తమ పాస్టర్లు స్వలింగ జంటలకి పెళ్లి లాంటి ఆరాధన జరపకూడదని రాసుకున్నారు. 2014 ఫిబ్రవరిలో డెన్వర్‌లో థీడా గుడ్ అనే ఆమెకి అక్కడి మౌంటెన్ స్టేట్స్ కాన్ఫరెన్స్ పాస్టర్‌గా లైసెన్స్ ఇచ్చింది. ఆమె ఇంకో మహిళతో కమిటెడ్ రిలేషన్‌షిప్‌లో ఉన్నారని తెలిసే ఇచ్చారు, దాచి కాదు. అక్కడ మొదలైంది. 2015లో కాన్సాస్ సిటీలో డెలిగేట్లు కూడి ఒకే సభలో రెండు తీర్మానాలు పాస్ చేశారు. ఒకటి, అభిప్రాయాలు కలవకపోయినా ఒకరినొకరు భరిద్దాం అని. రెండోది, పాత నియమాలు మాత్రం అలాగే ఉంటాయి, నాలుగేళ్ల దాకా ముట్టుకోం అని. రెండూ ఎలా కుదురుతాయని అడగొద్దు, సంఘం మీటింగులు చూసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు. ఆ ఏడాది నవంబర్‌లోనే వాళ్లలో అతి పెద్దదైన లాంకాస్టర్ కాన్ఫరెన్స్ బయటికి వెళ్లిపోవాలని ఓటేసింది. చివరికి 2022 మేలో, మళ్లీ కాన్సాస్ సిటీలోనే, పాత నియమాల్ని పెద్ద మెజారిటీతో తీసేశారు. ఇన్నాళ్లు గే, లెస్బియన్, ట్రాన్స్ విశ్వాసులకి చేసిన హానికి పశ్చాత్తాపపడుతున్నాం అనే ఇంకో తీర్మానం కూడా పెట్టారు. అదీ గెలిచింది, కానీ సగం దాటి కొద్దిగా మాత్రమే. ఈ తేడా చూడండి. రూల్ తీసేయడానికి చాలామంది సిద్ధం, "తప్పు చేశాం" అనడానికి అంతమంది సిద్ధంగా లేరు.

ఎంబీ వైపు ఇలాంటిదేమీ జరగలేదు. అమెరికా, కెనడా ఎంబీ సంఘాల విశ్వాస ప్రమాణంలో పెళ్లి అంటే ఒక మగ, ఒక ఆడ మధ్య నిబంధన అనే ఉంది. ప్రపంచ ఎంబీ సంఘాలన్నీ కలిసి 2004లో ఒప్పుకున్న ప్రమాణంలో కూడా అంతే. లక్షకి పైగా సభ్యులున్న ఇండియా ఎంబీ కాన్ఫరెన్స్ కూడా ఆ కుటుంబంలోదే. కాబట్టి తమ్ముడూ, ఆ ఫొటో మీ చర్చిది కాదు.

ఇప్పుడు ఒక తమాషా విషయం. మీరు ఎంబీ ఎందుకయ్యారు? మీ తాత గ్రంథాలన్నీ పోల్చి చూసి ఎంచుకున్నాడా? లేదు. మిషన్లు మ్యాప్ పంచుకున్నాయి. ఒకరి ఏరియాలోకి ఒకరు రాకూడదని ఒప్పందం. దాన్ని కామిటీ అనేవాళ్లు. గుంటూరులో 1842లో హేయర్ దిగాడు కాబట్టి అక్కడ లూథరన్లు. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు వచ్చారు, అది 1947లో సీఎస్ఐ అయింది. నల్గొండకి 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చారు. ఎంబీ వాళ్లే, కానీ అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ కింద పనిచేశారు. 1899లో అమెరికా ఎంబీల తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ బృందం హైదరాబాద్ చేరింది. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో పాతుకుపోయాడు. తర్వాత వనపర్తి. గద్వాల, మహబూబ్‌నగర్ వైపు మొదట పనిచేసింది బాప్టిస్టులు. 1930లలో అవి ఎంబీ చేతికి వచ్చాయి. అంటే గద్వాలలో ఒక ముసలమ్మ బాప్టిస్ట్‌గా పుట్టి, ఊరు కదలకుండానే ఎంబీ అయిపోయిందన్నమాట! నిజాం కింద సంస్థానాలుండేవి కదా, గద్వాల రాజుది, వనపర్తి రాజుది. పైన అదొక మ్యాప్, కింద మిషన్లది ఇంకో మ్యాప్.

ఆ మ్యాప్ వల్ల ఏమైందంటే, ఈ రోజు మీ చర్చి పేరు ఏ గొడవలోకి లాగబడుతుందో కూడా అదే నిర్ణయిస్తోంది. 2009 ఆగస్టులో మినియాపొలిస్‌లో అమెరికా లూథరన్లు, జీవితాంతం ఒకరికొకరు కట్టుబడి, అది నలుగురికీ తెలిసేలా బతుకుతున్న స్వలింగ జంటల్లోని వాళ్లు కూడా పాస్టర్లు కావచ్చని తేల్చారు. 559 ఓట్లు అటు, 451 ఇటు. గుంటూరు లూథరన్ సంఘం 1927 నుంచే ఏఈఎల్‌సీ పేరుతో తన కాళ్ల మీద తనున్నది. కాబట్టి ఆ ఓటుకి వీళ్లు కట్టుబడక్కర్లేదు, కానీ ఆ ఓటులో వీళ్లకి గొంతూ లేదు. మెథడిస్టులది ఇంకా విచిత్రం. యునైటెడ్ మెథడిస్ట్ చర్చిలో ఆఫ్రికా డెలిగేట్లకి ఓటుంది, అందుకే అక్కడి గొడవ దశాబ్దాలు సాగింది. 2019లో నిషేధాన్ని ఇంకా బిగించారు, ఆ తర్వాత అమెరికాలో దాదాపు పాతిక శాతం సంఘాలు విడిపోయాయి, 2024లో షార్లెట్ సభలో నిషేధం ఎత్తేశారు. ఇండియా మెథడిస్టులు మాత్రం 1981లోనే స్వతంత్రులైపోయారు, ఈ ఓటింగులకి బయటే ఉన్నారు.

"మరి మనకేం సంబంధం? ఇది తెల్లోళ్ల గొడవ" అని మన దగ్గర పెద్దలు అంటారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ నాకు ఒక ఇబ్బంది. మనం ఇప్పుడు కాపాడుతున్న రూల్ కూడా ఓడలోనే వచ్చింది కదా? పాస్టర్ ఎవరు కావాలనేది ఇక్కడ ఎలా నడిచిందో చూడండి.

ఊరూరా ఎండలో నడిచి సువార్త చెప్పింది తెలుగు ప్రసంగీకులే. చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలు. గుడి మెట్లెక్కనివ్వని మనుషులు. కానీ బాప్తిస్మం ఇచ్చేది, బల్ల ఇచ్చేది, జీతం ఇచ్చేది ఎక్కువగా బంగ్లాలో ఉండే దొర. వాక్యం చెప్పడానికి పనికొచ్చిన మనిషికి ఆర్డినేషన్ మాత్రం ఏళ్లకేళ్లు ఆగేది. నాగర్‌కర్నూల్‌లో 1920లలో మొదలైన బైబిల్ స్కూల్ తర్వాత శంషాబాద్‌కి మారి, తరాల కొద్దీ ప్రసంగీకుల్ని తయారు చేసింది. అయినా పగ్గాలు పూర్తిగా ఇండియన్ కాన్ఫరెన్స్ చేతికి రావడం 1950ల చివర్లో మొదలై, మిషనరీల వీసాలు ఆగిపోయిన 1970ల దాకా సాగింది. ఒక మాదిగ ఇంటి బిడ్డ చేతిలోంచి ఊరి సంఘం రొట్టె తీసుకునే రోజు ఉంది చూశారా, అది ఎంత పెద్ద సంగతో ఆ వాడల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే అయ్యగారి స్థానం అంటే ఇక్కడ అంత సెంటిమెంట్. అదొక ఉద్యోగం కాదు, వాడ మొత్తానికి దొరికిన కుర్చీ. ఆ కుర్చీ మీద ఎవరైనా వేలు పెడుతున్నారంటే మనసు గట్టిపడటం నాకు అర్థమవుతుంది.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. ఇది చాలామందికి తెలీదు. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో ఈ ప్రాంతానికి వచ్చింది. ఎంబీలు పంపిన మొదటి డాక్టర్ మిషనరీ ఆమె. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూసింది. జడ్చర్ల ఎంబీ ఆసుపత్రి పేరు విన్నారు కదా, ఆ ఆసుపత్రికి ముందు కాలం మనిషి. ఆ రోజుల్లో ఎంబీ సంఘాలు మిషన్‌కి పంపే ఆడవాళ్లకి కూడా చేతులుంచి ఆర్డినేషన్ చేసేవి. పెళ్లికాని ఆడవాళ్లకి కూడా! అర్ధశతాబ్దం పైగా అలాగే నడిచింది. 1957లో ఉత్తర అమెరికా ఎంబీ మహాసభ ఒక తీర్మానం చేసింది: మనం సిస్టర్లని ప్రసంగ పరిచర్యకి ఆర్డెయిన్ చేయం, కాబట్టి ఇకమీద వాళ్లని కమిషన్ చేద్దాం, ఆర్డెయిన్ వద్దు అని. అంతే, మాట మారిపోయింది. బైబిల్ మారలేదు, రూల్ మారింది. మళ్లీ 2006లో కెనడా ఎంబీలు కాల్గరీలో కూడి, ఆడవాళ్లు లీడ్ పాస్టర్ కావచ్చా లేదా అన్నది ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకోవచ్చని తీర్మానించారు. ఒకే డినామినేషన్, నూరేళ్లలో మూడు రకాలు.

దీన్ని ఎందుకు అంతసేపు చెప్పానంటే, "సంఘం ఎప్పుడూ ఇలాగే ఉంది" అనే వాదన నిలబడదు. స్వలింగ పాస్టర్లని ఒప్పుకోవద్దనడానికి వాళ్ల దగ్గర వేరే వాదనలున్నాయి, గట్టివే ఉన్నాయి. రోమా పత్రిక మొదటి అధ్యాయం ఉంది, ఆదికాండంలో ఆదాము హవ్వ ఉన్నారు, యేసు పెళ్లి గురించి మాట్లాడినప్పుడు అదే ఆదికాండాన్ని ఎత్తిచూపాడు. ఆడవాళ్ల ఆర్డినేషన్‌కి బైబిల్లో అటూ ఇటూ సాక్ష్యం ఉంది, దీనికి ఇటువైపే ఉంది అని వాళ్లంటారు. అవతలివాళ్లు అపొస్తలుల కార్యములు 15 చూపిస్తారు. సున్నతి లేని అన్యజనుల్ని చేర్చుకోవాలా అని యెరూషలేములో పెద్దలు కూడినప్పుడు, వాళ్ల మీద దేవుని ఆత్మ దిగడం కళ్లారా చూశాం కదా అనేదే తీర్పుకి ఆధారమైంది. ఈ పాస్టర్లలో కూడా ఆ ఫలం చూస్తున్నాం అని వీళ్ల మాట. ఇద్దరూ బైబిల్ పక్కన పెట్టిన వాళ్లేం కాదు. ఆంగ్లికన్ బిషప్పులు 1888లో, ఇద్దరు భార్యలున్న మనిషికి బాప్తిస్మం ఇవ్వొద్దన్నారు. సరిగ్గా నూరేళ్లకి, 1988లో, కొన్ని షరతుల మీద ఇవ్వొచ్చన్నారు. పెళ్లి విషయంలో కూడా చర్చి కదిలింది, కానీ మెల్లగా, షరతులతో.

ఇక్కడ మన మనిషి ఒకాయన గుర్తొస్తాడు. పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట్లో పుట్టాడు. తర్వాత ఆంత్రోపాలజిస్ట్ అయ్యాడు. పాలమూరు వైపు ఒక ఊరిని లోతుగా చదివి 1971లో 'కొండూరు' అనే పుస్తకం వేశాడు. ప్రపంచమంతా ఉన్న బైబిల్ కాలేజీల్లో ఆయన్ని చదువుతారు, మనూళ్లలో మాత్రం పేరు చెబితే ఎవరన్నట్టు చూస్తారు. ఆయన చెప్పిన ఒక సంగతి ఇది. స్థానిక సంఘం తన్ను తాను నడుపుకోవాలి, పోషించుకోవాలి, వ్యాపింపజేసుకోవాలి అని పాత మిషన్ వాళ్లు మూడు చెప్పేవారు. హీబర్ట్ నాలుగోది కలిపాడు. తన దైవశాస్త్రం తనే ఆలోచించుకునే హక్కు కూడా ఆ సంఘానికి ఉండాలి. దొర వాక్యం చెబితే మనం తలూపడం కాదు. దానికి ఒక పద్ధతి కూడా చెప్పాడు. ముందు మీ ఊళ్లో జరుగుతున్నదాన్ని తీర్పు చెప్పకుండా తెలుసుకోండి. తర్వాత దాని మీద వాక్యం ఏమంటుందో చదవండి. ఆ తర్వాత సంఘమంతా కూర్చుని, రెండూ ఎదురెదురుగా పెట్టి తేల్చుకోండి.

ఈ పద్ధతి పెడితే మన దగ్గర మొదటి మెట్టే ఎక్కలేదని నా అభిప్రాయం. "వద్దు" అని తేల్చారు, సరే. కానీ తెలుసుకున్నారా? వనపర్తి సంఘంలో కూర్చుని పాటలు పాడే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎవరితోనూ చెప్పుకోలేక హైదరాబాద్ బస్సెక్కితే, అది ఏ మినిట్స్‌లోనూ రాయరు. మన పల్లెలకి ఇలాంటి మనుషులే తెలీదా అంటే అదీ కాదు. ఎల్లమ్మ జాతరలో చీర కట్టి ఆడే శివసత్తుల్లో మగవాళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. అదీ ఇదీ ఒకటే అనట్లేదు. అది పూజ, ఇది ఇద్దరి కాపురం. కానీ "మన సంస్కృతిలో లేదు" అనే మాట పాలమూరులో నిలబడి అనడం కొంచెం కష్టం. ఇంకోవైపు, "అమెరికా వాళ్లు మారారు కాబట్టి మీరూ మారండి" అనేవాళ్లకి కూడా హీబర్ట్ అడ్డమే. అది దొర మాటకి మళ్లీ తలూపడమే అవుతుంది.

దేశం స్థాయిలో చర్చిలు ఒకే మాట మీద లేవు. సెక్షన్ 377 ఉండాలని సుప్రీంకోర్టులో వాదించిన వాళ్లలో ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, అపోస్టోలిక్ చర్చెస్ అలయన్స్ ఉన్నాయి. నాగపూర్ కేంద్రంగా ఉన్న ఎన్‌సీసీఐ మాత్రం కొన్నేళ్లుగా ఈ విషయం మీద సంఘాల్లో మాట్లాడించే పని చేస్తోంది. 2018 సెప్టెంబర్ 6న కోర్టు 377లో, ఇష్టపడి కలిసున్న పెద్దవాళ్లని నేరస్తుల్ని చేసే భాగం తీసేసింది.

చివరిగా, ఎవరూ మాట్లాడని ఒక ప్రాక్టికల్ చిక్కు. "కమిటెడ్" అని ఎలా కొలుస్తారు? అమెరికా లూథరన్లు 2009లో అడిగింది కూడా ఇదే, ఆ బంధం నలుగురికీ జవాబుదారీగా ఉండాలి అని. 2015 తర్వాత వాళ్లకి ఈజీ అయింది, దేశమంతా పెళ్లి చట్టబద్ధం, ఒక సర్టిఫికెట్ చూపిస్తే చాలు. మన దగ్గర? హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ 2021లో అందరి ముందూ వేడుక చేసుకుని, చట్టం గుర్తించాలని సుప్రీంకోర్టుకి వెళ్లారు. కేసుకి సుప్రియో పేరే పడింది. 2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జిలూ అన్నారు. కనీసం సివిల్ యూనియన్‌గా గుర్తించాలని ఇద్దరన్నారు, ముగ్గురు కుదరదన్నారు. పార్లమెంటు చూసుకోవాలని వదిలేశారు.

ఇంకోటి. మన పాస్టర్లు పెళ్లి చేసేది 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ కింద. దానికి ప్రభుత్వం లైసెన్స్ ఇస్తుంది, రిజిస్టర్ రాయాలి. మగాడికి 21, ఆడపిల్లకి 18 అని చట్టంలోనే రాసుంది. కాబట్టి రేపు నాగర్‌కర్నూల్‌లో ఒక సంఘం మొత్తం కూర్చుని "మాకు అభ్యంతరం లేదు" అన్నా, ఆ బంధాన్ని రాసుకోవడానికి రిజిస్టర్‌లో గడి లేదు. పెళ్లి లేకుండా కలిసుండే పాస్టర్‌ని ఏ సంఘమూ ఒప్పుకోదు, అది మగా ఆడా అయినా సరే. పెళ్లి చేసుకోమంటే చట్టం ఒప్పుకోదు. కాన్సాస్‌లో గొడవ పడ్డ ప్రశ్నని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే, ముందు తగిలేది రోమా పత్రిక కాదు, ఈ రిజిస్టరే.

ఒక రిక్వెస్ట్. మీ ఇళ్లల్లో 1957కి ముందు నాటి ఆర్డినేషన్ ఫొటోలు, మిషన్ కాంపౌండ్ ఫొటోలు, బైబిల్ స్త్రీల ఫొటోలు ఉంటే స్కాన్ చేసి పంపండి. బతికున్నవాళ్ల పేర్లు, ముఖాలు ఉంటే వాళ్లని అడిగాకే పంపండి. జోగిని వ్యవస్థ, మిషన్ హాస్టళ్ల మీద వచ్చే ఎపిసోడ్‌కి కూడా అవి పనికొస్తాయి.